పది కుర్చీలు, ఒక పుస్తకం

అమెరికాలో తెల్లవాళ్ళు కానివాళ్ళందరినీ కలిపి పిలిచే ‘పీపుల్ ఆఫ్ కలర్’ అన్న మాటకి తెలుగులో ఇప్పటికీ కుదురైన మాట దొరకలేదు. ‘శ్వేతేతరులు’ అంటే ఎవరు కారో తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు. పోనీ ‘వర్ణ ప్రజలు’ అందామా అంటే అసలు చిక్కు అక్కడే ఉంది. మన భాషలో వర్ణం అంటే రంగు, వర్ణం అంటే కులం కూడా. ‘సవర్ణులు’ అంటే మాట ప్రకారం వర్ణం ఉన్నవాళ్ళు. ఊళ్ళో సవర్ణుడిగా పుట్టిన మనిషి డాలస్‌లోనో ఎడిసన్‌లోనో దిగగానే ఇంకో అర్థంలో ‘వర్ణం ఉన్నవాడు’ అయిపోతాడు. అక్కడ పైమెట్టు, ఇక్కడ కిందిమెట్టు. మాట అదే.

అమెరికా ఊళ్ళల్లో నల్లజాతివాళ్ళు, లాటినోలు, నేటివ్ అమెరికన్లు, మనలాంటి ఆసియావాళ్ళు కలిసి ఒక బుక్ క్లబ్ పెట్టుకోవాలంటే ఏం చెయ్యాలో చెప్పే ముందు ఈ చిక్కు చెప్పుకోవాలి. ఎందుకంటే అలాంటి క్లబ్బులో తెలుగువాళ్ళు రెండు కుర్చీల్లో కూర్చోవాలి: వినబడని వాళ్ళ కుర్చీలో ఒకసారి, ఇంకొకళ్ళని విననివ్వని వాళ్ళ కుర్చీలో ఒకసారి. మొదటిది మాత్రమే ఒప్పుకుని రెండోది వదిలేస్తే ఆ గదిలో మిగతావాళ్ళు మనల్ని నమ్మరు. నమ్మకపోవడం న్యాయమే.

‘ప్రత్యేకంగా మనకో క్లబ్ ఎందుకు? లైబ్రరీలో అందరిదీ ఒకటి ఉందిగా’ అనే ప్రశ్న ముందే వస్తుంది. అడిగేది ఎక్కువగా మనవాళ్ళే. జవాబు చరిత్రలో ఉంది. 1828లో ఫిలడెల్ఫియాలో బానిసత్వంలో లేని నల్లజాతి మగవాళ్ళు ఒక పఠన సంఘం పెట్టుకున్నారు. చందాలు వేసుకుని పుస్తకాలు కొని, వంతులవారీగా చదివి, కలిసినప్పుడు వాటి గురించి మాట్లాడుకున్నారు. దక్షిణాదిలో ఆ రోజుల్లో పరిస్థితి ఏమిటంటే, 1829లో జార్జియా, 1832లో అలబామా నల్లవాళ్ళకి చదువు చెప్పడాన్నే నేరం చేశాయి. 1831లో అదే ఫిలడెల్ఫియాలో నల్లజాతి స్త్రీలు తమ సాహిత్య సంఘం పెట్టుకున్నారు. అందులో ఒక పద్ధతి ఉండేది: ఎవరు రాసింది వాళ్ళు పేరు లేకుండా ఒక పెట్టెలో వేసేవారు. తరవాత దాన్ని పైకి చదివి మంచిచెడ్డలు చర్చించేవారు. ఆ పెట్టె దగ్గరికి మళ్ళీ వస్తాను, ఈనాటికీ పనికొచ్చే వస్తువది.

130 ఏళ్ళ తరవాత కూడా లైబ్రరీ అందరిదీ కాలేదు. 1961 మార్చి 27న మిసిసిపి రాష్ట్రంలో జాక్సన్ పట్టణ పబ్లిక్ లైబ్రరీలోకి టూగలూ కాలేజీ నల్లజాతి విద్యార్థులు తొమ్మిదిమంది వెళ్ళారు. నల్లవాళ్ళకి కేటాయించిన శాఖలో దొరకని పుస్తకాలు అడిగి, కూర్చుని చదవడం మొదలుపెట్టారు. పోలీసులు వచ్చి అరెస్టు చేశారు. చేసిన నేరం చదువుతూ కూర్చోవడం. ‘అందరిదీ ఒకటి ఉందిగా’ అనే మాట ఆ తొమ్మిదిమంది తరవాత వచ్చిన మాట.

ఇందులో మన వాటా ఉంది. 1923లో పంజాబ్ నుంచి వలస వచ్చిన భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారనీ, పౌరసత్వానికి తగరనీ తీర్పు చెప్పింది. ఆ తలుపు 1946లో కాస్త తెరుచుకుంది. పూర్తిగా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో, అంటే పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడు. వీధుల్లో దెబ్బలు తిని ఆ గాలి మళ్ళించింది నల్లజాతివాళ్ళు. ఇవాళ టెక్సస్‌లో, న్యూజెర్సీలో మన ఇళ్ళు ఆ గాలికి నిలబడ్డవే. ఈ సంగతి మన పిల్లలకి బడిలో ఎవరూ చెప్పరు. ఇంట్లోనూ చెప్పం.

ఇక పని.

ముందు మనుషులు. గదిలో పదిమంది ఉండాలంటే పేర్లు పదిహేను రాసుకోండి. నెలనెలా ఒకరికి జ్వరం, ఒకరికి ఆఫీసులో రిలీజ్, ఒకరికి పిల్లల సాకర్. పదిహేనులో తొమ్మిదో పదో వస్తారు. పది ఎందుకంటే లెక్క ఇదీ: గంటన్నర సమావేశంలో మొదటి పది నిమిషాలు కుదురుకోవడానికి, చివరి పావుగంట వచ్చే పుస్తకానికి పోతే మిగిలేది 65 నిమిషాలు. పదిమందికి తలా ఆరున్నర నిమిషాలు. ఇరవైమంది వస్తే తలా మూడు. మూడు నిమిషాల్లో మనిషి అభిప్రాయం చెప్పగలడు గానీ మనసు మార్చుకోలేడు. ఇరవై దాటితే రెండు క్లబ్బులు చెయ్యండి, ఒకటి గురువారం సాయంత్రం, ఒకటి శనివారం.

ఆ పదిహేనుమంది ఎవరన్నది ఇంకా ముఖ్యం. మన అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పోస్టు పెడితే పదిహేనుమందీ తెలుగువాళ్ళే వస్తారు. అదీ మంచిదే, కానీ అది వేరే క్లబ్. తెలుగు పుస్తకాలు చదివే సంఘాలు అమెరికాలో చాలాకాలంగా ఉన్నాయి, డిట్రాయిట్‌లో నడిచేది అందరికీ తెలిసిందే. ఇది అలాంటిది కావాలంటే తెలుగులో చదవండి, ఇంకా హాయి. అన్ని సముదాయాలూ కలిసి చదివే క్లబ్ కావాలంటే మాత్రం మొదటి సమావేశానికి ముందే ఇద్దరు ముగ్గురు వ్యవస్థాపకులు ఉండాలి, వాళ్ళు వేరువేరు సముదాయాలవాళ్ళయి ఉండాలి. ఒక సముదాయం అన్నీ తయారుచేసి మిగతావాళ్ళని పిలిస్తే వాళ్ళు అతిథులవుతారు. అతిథి రెండుసార్లు వచ్చి మానేస్తాడు. మీ ఊళ్ళో నల్లజాతివాళ్ళ చర్చికి వెళ్ళి ఒక్క కరపత్రం అంటించి వచ్చేస్తే సరిపోదు. వాళ్ళు ఇప్పటికే నడుపుకుంటున్న పఠన సంఘం ఉందేమో కనుక్కోండి. ఉంటే కొత్తది పెట్టకుండా అందులో చేరడమే మేలు.

రోజు ఎంచడంలో చాలా క్లబ్బులు మొదట్లోనే తప్పు చేస్తాయి. ఆదివారం పొద్దున చర్చి, శుక్రవారం మధ్యాహ్నం నమాజు. రంజాన్ నెలలో సాయంత్రం సమావేశం పెడితే ఇఫ్తార్‌కి అడ్డం. ప్రతిసారీ అందరినీ అడిగి తేదీ ఎంచడం ఇంకా పెద్ద తప్పు. వారమంతా ఓటింగ్ నడిచి, అందరికీ కుదిరే రోజు లేదని తేలి, ఆ నెల పోతుంది. ‘ప్రతి నెలా మూడో గురువారం, ఆరున్నరకి’ అని ఒకసారి రాసేసుకోండి. ఆ రోజు కుదరనివాళ్ళకి అది ఎప్పటికీ కుదరదు నిజమే, కానీ కుదిరినవాళ్ళు ఏడాది పొడుగునా వస్తారు.

చోటు విషయంలో పబ్లిక్ లైబ్రరీ గది అన్నిటికన్నా మేలు. ఉచితం, బస్సు ఆగుతుంది, వీల్‌చెయిర్ వెళ్తుంది, ఎవరి ఇంటి గొప్పా ఎవరికీ కనబడదు. ఇంట్లో పెడితే అయిదు బెడ్‌రూముల ఇల్లున్నవాళ్ళు మొదటి నెల పిలుస్తారు, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు తమ వంతు రాకముందే మానేస్తారు. లైబ్రరీతో ఒక షరతు ఉంటుంది: వాళ్ళ గదిలో జరిగేది సాధారణంగా అందరికీ తెరిచి ఉండాలి. కాబట్టి ‘మనవాళ్ళకి మాత్రమే’ అని పోస్టరు మీద రాయకండి. ఏ రచయితలని చదువుతారో రాయండి, ఎవరి జీవితం పుస్తకంలో ఉందో వాళ్ళ మాట ముందు వింటామని రాయండి. ఇష్టపడి వచ్చిన తెల్లవాళ్ళు ఒకరిద్దరు ఆ నియమం పాటిస్తే ఇబ్బంది లేదు. నియమం లేకపోతే మాత్రం గంటన్నరలో గంట వాళ్ళ సందేహాలు తీర్చడానికే అయిపోతుంది, మిగతావాళ్ళు పాఠం చెప్పి అలిసిపోయి ఇంటికి వెళ్తారు. తలుపు వేసుకుని మాట్లాడుకోవాలనిపిస్తే చర్చి బేస్‌మెంటో, ఎవరిదైనా కొట్టో చూసుకోండి. రెండు రకాల గదులకీ అవసరం ఉంది, ఏది కావాలో ముందే తేల్చుకోవాలి, అంతే.

క్లబ్బులు ఎక్కువగా చచ్చిపోయేది పుస్తకం చేతికి అందకే. కొత్త పేపర్‌బ్యాక్ దాదాపు 18 డాలర్లు. పది కాపీలు 180. నెలకి 18 డాలర్లు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకి లెక్కలోకి రాదు, నర్సింగ్ హోములో గంటకి ఇంతని పనిచేసే సభ్యురాలికి వస్తుంది. ఆమె ఆ మాట పైకి చెప్పదు. ‘ఈ నెల కుదరలేదు’ అంటుంది. అందుకని మొదటి నియమం: ఎవరూ కొనాల్సిన పనిలేని పుస్తకమే ఎంచాలి. చాలా లైబ్రరీలు బుక్ క్లబ్ కిట్ ఇస్తాయి. ఒక సంచీలో ఒకే పుస్తకం ఎనిమిది నుంచి పన్నెండు కాపీలు, చర్చకి ప్రశ్నలు, ఆరు నుంచి ఎనిమిది వారాల గడువు. కౌంటరు దగ్గర అడిగితే తప్ప వీటి సంగతి ఎవరూ చెప్పరు. కిట్ లేకపోతే పక్క ఊళ్ళ లైబ్రరీల నుంచి తెప్పించమనండి, దానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే ముందు మూడు నెలల పుస్తకాలు ఒకేసారి ఖరారు చెయ్యాలి.

‘లిబ్బీలో ఈ-బుక్ ఉందిగా’ అని ఎవరో ఒకరు అంటారు. లిబ్బీ అంటే లైబ్రరీ కార్డు మీద ఈ-బుక్కులు అరువిచ్చే యాప్. లిబ్బీలో చాలా పుస్తకాలకి ఒక కాపీ అంటే ఒక సమయంలో ఒక్క మనిషే. లైబ్రరీ దగ్గర రెండు కాపీలుంటే మీ పదిమందిలో ఇద్దరు చదువుతారు, తరవాతి ఇద్దరికి మూడు వారాలకి వస్తుంది, చివరివాళ్ళకి సమావేశం అయిపోయాక వస్తుంది. హూప్లా అనే ఇంకో యాప్‌లో చాలా పుస్తకాలకి ఆ వరస ఉండదు, ఎంతమందైనా ఒకేసారి తీసుకోవచ్చు. కానీ మీ లైబ్రరీకి ఆ సేవ ఉండాలి, ఆ పుస్తకం అందులో ఉండాలి, తలా నెలకి ఇన్ని అనే పరిమితి కూడా ఉంటుంది. ఎంచేముందు ఎవరో ఒకరు కూర్చుని ఇవన్నీ చూడాలి. పావుగంట పని. కనీసం ఏడాది పాత పుస్తకం ఎంచితే పేపర్‌బ్యాక్ వచ్చేసి ఉంటుంది, హోల్డుల వరస, అంటే ముందే పేరు రాయించుకుని ఎదురుచూసేవాళ్ళ వరస, తగ్గి ఉంటుంది, లైబ్రరీ మిత్రమండలి (ఫ్రెండ్స్ ఆఫ్ ద లైబ్రరీ) పెట్టే పాత పుస్తకాల అమ్మకాల్లో ఒకటి రెండు డాలర్లకి దొరుకుతుంది కూడా.

ఆడియో విన్నవాళ్ళు చదివినట్టే లెక్క. దీనిమీద వాదన పెట్టుకోకండి. రెండు ఉద్యోగాలు చేసేవాళ్ళకి కారే చదువుకునే గది.

పేజీల లెక్క: నాలుగు వారాల్లో 280 పేజీలంటే రోజుకి పది. ఇంగ్లీషు రెండో భాష అయినవాళ్ళు కూడా అది దాటగలరు. మొదటి పుస్తకం ఇంకా చిన్నది కావాలి. సాండ్రా సిస్నెరోస్ రాసిన ‘ద హౌస్ ఆన్ మాంగో స్ట్రీట్’ (1984) చాలా క్లబ్బుల మొదటి పుస్తకం అవడానికి కారణం దాని గొప్పతనం ఒక్కటే కాదు. అందులో 44 చిన్న చిన్న ముక్కలున్నాయి, సగమే చదివినవాళ్ళు కూడా చర్చలో కూర్చోవచ్చు. ఎలెనా పోనియాటౌస్కా చేసిన స్పానిష్ అనువాదం ఉంది, కాబట్టి ఇంగ్లీషు రాని అమ్మమ్మ కూడా రావచ్చు.

అదే పద్ధతి మనకీ పనిచేస్తుంది. విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చిన అమ్మానాన్నలు మధ్యాహ్నాలు కిటికీ దగ్గర గడిపేస్తారు. అలెక్స్ హేలీ ‘రూట్స్’ని సహవాసి ‘ఏడు తరాలు’గా సంక్షిప్తం చేసి తెలుగులోకి తెచ్చారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. మన దగ్గర ఒక తరం పాఠకులు అందులోని కుంటా కింటేని సొంత ఊరి మనిషిలా ఎరుగుదురు. ఆ తరంవాళ్ళు మీ ఇంట్లో ఉంటే మీ క్లబ్బులోని నల్లజాతి మిత్రులకి వాళ్ళని పరిచయం చెయ్యండి. ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం కాబట్టి దానికి రెండు నెలలు కేటాయించాలి. తెలుగు పుస్తకం ఒక్క వారంలో అయిపోతుంది. పక్కన ఒకరు కూర్చుని అనువాదం చెబుతుంటే చాలు, ఆ పెద్దాయన చెప్పేది వినడానికి గది మొత్తం ముందుకి వంగుతుంది.

జాబితా విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఇలాంటి క్లబ్బులు వరసగా బాధల పుస్తకాలే ఎంచుతాయి: బానిసత్వం, సరిహద్దు దాటడం, జైలు, హత్య. నాలుగో నెలకి మనుషులు తగ్గిపోతారు. ఆ జీవితం ఉన్నవాళ్ళే ముందు వెళ్ళిపోతారు, రోజూ చూసేది గురువారం కూడా చూడలేక. మూడింటిలో ఒకటి బాధ చుట్టూ తిరగని పుస్తకం కావాలి. ప్రేమకథ, డిటెక్టివ్ నవల, వంటల గురించి రాసింది, కవిత్వం, ఏదైనా సరే. ఆక్టేవియా బట్లర్ ‘కిండ్రెడ్’ (1979) ఎందుకు బాగా నడుస్తుందంటే బానిసత్వాన్ని అది కాలప్రయాణం కథగా చెబుతుంది. చరిత్ర పుస్తకం పట్టుకోనివాళ్ళు దాన్ని రెండు రాత్రుల్లో అవగొడతారు. డిసెంబరులో నవల పెట్టకండి, ఇరవై పేజీల కథ ఒకటి చాలు.

ఇప్పుడు గది లోపల. కుర్చీలు గుండ్రంగా వెయ్యాలి, బల్ల తీసెయ్యాలి. మొదట ఒకరు పుస్తకంలోంచి ఒక పేజీ పైకి చదవాలి. చదవకుండా వచ్చినవాళ్ళకి కూడా అప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. తరవాత నడిపేవాళ్ళు అడిగే ప్రశ్నలు అయిదారు చాలు. ‘మీకు నచ్చిందా?’ అనే ప్రశ్న అడగొద్దు, అది అవును, కాదు దగ్గర ఆగిపోతుంది. ‘ఎక్కడ చదవడం ఆపేశారు, ఎందుకు?’ అని అడగండి. ఒకరు మాట్లాడాక ముగ్గురు మాట్లాడేదాకా వాళ్ళకి మళ్ళీ వంతు రాకూడదు. మనవాళ్ళల్లో మగవాళ్ళకి, ముఖ్యంగా నాకు తెలిసిన చదువరులకి, ఈ నియమం మొదట్లో కష్టంగా ఉంటుంది. అదే అన్నిటికన్నా ముఖ్యమైన నియమం.

ఎవరినీ వాళ్ళ జాతి తరఫున జవాబు చెప్పమనకూడదు. ‘నల్లవాళ్ళు దీన్ని ఎలా చూస్తారు?’ అని ఒకామెని అడిగితే ఆమె పాఠకురాలి కుర్చీలోంచి సాక్షి బోనులోకి వెళ్ళినట్టే. ‘మీరెలా చదివారు?’ అనడం చాలు.

ఇక పెట్టె. 1831 నాటి ఫిలడెల్ఫియా స్త్రీల పెట్టె. ఒక చెప్పుల డబ్బాకి చీలిక పెట్టి, పక్కన కాగితం ముక్కలు, అందరికీ ఒకే రంగు పెన్నులు పెట్టండి. పైకి అనలేని మాట పేరు లేకుండా రాసి వేస్తారు, సగం సమయం అయ్యాక నడిపేవాళ్ళు మూడో నాలుగో తీసి చదువుతారు. ఈ పెట్టె అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది మనవాళ్ళు ఉన్న క్లబ్బులో. ఎందుకో చెప్పాలి.

సుజాత గిడ్ల రాసిన ‘యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్’ 2017లో న్యూయార్క్‌లో అచ్చయింది. కాకినాడలో పెరిగిన దళిత క్రైస్తవ స్త్రీ, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ, కవి శివసాగర్‌గా మనకి తెలిసిన తన మేనమామ కె.జి. సత్యమూర్తి కథా, తల్లి కథా ఇంగ్లీషులో రాశారు. మీ క్లబ్బులో ఎవరో ఒకరు, చాలామటుకు నల్లజాతి పాఠకులే, ఈ పుస్తకం చదువుదామంటారు. ఆ నెల తెలుగువాళ్ళు ఏం చేస్తారన్నదే పరీక్ష. సాధారణంగా జరిగేది ఇది: ఇద్దరు రారు. ఒకరు వచ్చి ‘అదంతా పాతకాలం, మా తరంలో లేదు’ అంటారు. ఒకరు రిజర్వేషన్ల గురించి మొదలుపెడతారు. అక్కడ ఒక దళిత సభ్యురాలు ఉంటే ఆమె నోరు విప్పదు, విప్పితే తానెవరో ఊరి తెలుగువాళ్ళందరికీ తెలిసిపోతుంది కాబట్టి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ కౌన్సిల్ కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది, అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. వివక్ష ఇక్కడ లేకపోతే ఆ చట్టం కోసం ఎవరూ అన్ని గంటలు సాక్ష్యం చెప్పి ఉండరు.

కాబట్టి ఆ నెల ఏర్పాటు వేరుగా ఉండాలి. నడిపేది తెలుగు సవర్ణులు కాకూడదు. ‘మీ కులం ఏమిటి’ అని సూటిగా గానీ, ఇంటిపేరు, ఊరు, తిండి అడిగి చుట్టుతిరిగి గానీ ఎవరూ అడగకూడదని ముందే చెప్పాలి. మిగతా సముదాయాలవాళ్ళకి ఆ ప్రశ్నల వెనక ఉన్నది తెలియదు కాబట్టి వాళ్ళకి కూడా చెప్పాలి. పెట్టెలోంచి వచ్చిన కాగితం ఎవరు రాశారో ఊహించడం నిషేధం. తెలుగు సభ్యులు మాట్లాడేటప్పుడు పుస్తకంలోని ఒక చోటు చూపించి, అది తమ ఇంట్లో ఎలా కనబడిందో చెబితే మంచిది. ‘మనలో అలా లేదు’ అనడానికి పుస్తకం చదవాల్సిన పనిలేదు. రంగు విషయమూ ఇదే. పెళ్ళిచూపుల్లో ‘తెల్లగా’ అనే మాట, నల్లజాతివాళ్ళ గురించి మన ఇళ్ళల్లో తెలుగులో మాత్రమే అనుకునే మాటలు, ఇవి మనం దాచుకుంటే మన పక్క కుర్చీలోవాళ్ళతో స్నేహం సగం దగ్గరే ఆగిపోతుంది.

ఈ సంభాషణ కొత్తది కాదు. 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డు బోయ్స్‌కి ఉత్తరం రాశారు. అమెరికా నల్లజాతివాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న మహజరు ప్రతులు రెండు మూడు సంపాదించి పంపగలరా అని అడిగారు. డు బోయ్స్ జవాబిచ్చారు. ఒక పాఠకుడు ఇంకో పాఠకుణ్ణి కాపీ అడిగిన ఉత్తరం అది. మన క్లబ్బుకి పూర్వీకులని వెతుక్కోవాలంటే వీళ్ళిద్దరూ ఉన్నారు.

తిండి గురించి కొంచెం. గంటన్నరకి పాట్‌లక్ వద్దు, వంట భారం ఆడవాళ్ళ మీద పడుతుంది, పుస్తకం పక్కకి పోతుంది. టీ, పళ్ళు, ఒక పొడి చిరుతిండి చాలు. వేరుశనగ, నువ్వులు, పంది, ఆవు ఉన్నవాటికి చీటీ అంటించాలి. చిన్నపిల్లలుంటే గదిలో ఒక మూల చాప, రంగు పెన్సిళ్ళు, వాళ్ళని చూసే పెద్దపిల్ల ఒకరు, ఆమెకి పది డాలర్లు. ఈ పది డాలర్లు లేక తల్లులు రాని క్లబ్బులు చాలా ఉన్నాయి.

మూడో నెల గడ్డుది. మొదటి నెల పదిహేనుమంది, రెండో నెల పన్నెండుమంది, మూడో నెల అయిదుగురు. అప్పుడు కొత్త పోస్టర్లు వెయ్యకండి. రానివాళ్ళకి విడివిడిగా ఫోన్ చేసి ‘పుస్తకం అందిందా?’ అని అడగండి. ‘ఎందుకు రాలేదు?’ అంటే సంజాయిషీ వస్తుంది, పుస్తకం సంగతి అడిగితే కారణం వస్తుంది. అయిదుగురితోనే సమావేశం జరపండి, రద్దు చెయ్యకండి. ఒకసారి రద్దయితే తరవాతి నెల ఉందో లేదో ఎవరికీ నమ్మకం ఉండదు.

వాట్సాప్ గ్రూపు రెండుగా పెట్టుకోవాలి. ఒకటి నడిపేవాళ్ళు మాత్రమే రాయగలిగేది, తేదీ, పుస్తకం, గది నంబరు అందులో. కబుర్లు రెండోదాంట్లో. ఒకటే ఉంటే గుడ్ మార్నింగుల కింద గది నంబరు పూడిపోతుంది.

నడిపే పని కూడా తిప్పాలి. మొదలుపెట్టినవాళ్ళే ఏడాదంతా నడిపితే వాళ్ళకి ప్రమోషన్ రాగానే, బిడ్డ పుట్టగానే క్లబ్ ఆగిపోతుంది. ఒక కాగితం మీద అన్నీ రాసి ఉంచండి: లైబ్రరీలో గది బుక్ చేసే పద్ధతి, కిట్ తిరిగి ఇవ్వాల్సిన తేదీ, టీ ఫ్లాస్కు ఎవరి దగ్గర ఉందో, పెట్టె ఎక్కడుందో. నాలుగో నెల నుంచి ప్రతిసారీ కొత్త మనిషి నడపాలి, పాత మనిషి పక్కన కూర్చోవాలి.

లైబ్రరీ ఎనిమిదిన్నరకి మూస్తే మీరు ఎనిమిదింటికే ఆపాలి. పెట్టెలో మిగిలిన చీటీలు చింపెయ్యండి. కుర్చీలు తీసి గోడకి పెట్టండి. వచ్చే నెల పుస్తకం సంచీలో తెచ్చి ఉంచుకుని, తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేతికీ ఇవ్వండి. బల్ల మీద పెట్టి ‘తీసుకెళ్ళండి’ అంటే మూడు మిగిలిపోతాయి.